రాలిన రవ్వకు బాధ్యులెవరు? వజ్రాభరణాల వర్తకులకు, బీమా సంస్థలకు బహిరంగ లేఖ

వజ్రాభరణాలు తయారుచేయించి విక్రయించే వర్తకులకు, వాటికి విలువ కట్టే నిపుణులకు, వాటికి బీమా కల్పించే సంస్థల బాధ్యులకు,

నమస్కారం. నేను రాళ్లు పొదిగే పని, పొదిగిన నగలను బాగుచేసే పని చేసే స్వర్ణకారుడిని. మీరు అమ్మిన నగలూ, మీరు బీమా చేసిన నగలూ ఏదో ఒకనాడు నాలాంటివారి బల్ల మీదికి వస్తాయి. నగతోపాటు దాని యజమాని తెచ్చే కాగితాలు కూడా చూడవలసి వస్తుంది. అమ్మకం బిల్లు, ప్రయోగశాల ఇచ్చిన వజ్రపు సర్టిఫికెట్, విలువ పత్రం, పాలసీ, చాలాసార్లు వీటన్నిటి పైన క్లెయిమ్ తిరస్కరించినట్టు వచ్చిన ఉత్తరం. ఈ కాగితాలను వరుసగా చదివినప్పుడు ప్రతిసారీ ఒకే లోపం కనిపిస్తుంది. రాయి గురించి పుటలు పుటలు రాసి ఉంటుంది గాని, ఆ రాయిని పట్టి ఉంచిన లోహం ఏ స్థితిలో ఉందో ఎవరూ ఒక్క వాక్యం కూడా రాయరు. సున్నితమైన నగల విషయంలో నష్టం ఎక్కువగా మొదలయ్యేది అక్కడే కాబట్టి, ఈ లేఖను మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

వివాదం ఎలా సాగుతుందో మీకు తెలియనిది కాదు. ఉంగరంలోనుంచి ఒక చిన్న రవ్వ రాలిపోతుంది. అమ్మినవారి దగ్గరికి వెళితే, నగ ఎక్కడో గట్టిగా తగిలి ఉంటుంది, అది మా తయారీ లోపం కాదు, బీమా వారిని అడగండి అంటారు. బీమా వారి దగ్గరికి వెళితే, రాయిని పట్టి ఉంచే లోహపు గోళ్లు అరిగిపోయాయి, సహజమైన అరుగుదల పాలసీ పరిధిలోకి రాదు, అమ్మినవారిని అడగండి అంటారు. రెండు జవాబుల్లోనూ కొంత నిజం ఉండవచ్చు. కాని అమ్మిన రోజున ఆ గోళ్లు ఎంత మందంగా ఉన్నాయో, పాలసీ మొదలైన రోజున ఏ స్థితిలో ఉన్నాయో ఎక్కడా నమోదు కానప్పుడు, ఎవరి మాట నిజమో తేల్చడానికి ఆధారమే ఉండదు. ఆధారం లేకపోవడం వల్ల కలిగే నష్టమంతా, ఆ ఆధారాన్ని సృష్టించే నైపుణ్యం గాని పరికరాలు గాని లేని వ్యక్తి మీదనే పడుతున్నది.

మనం మాట్లాడుకుంటున్న వస్తువు పరిమాణం ఎంతో ముందుగా గుర్తుచేసుకోవాలి. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. అందులో నూరో వంతు ఒక సెంటు. సన్నని ఉంగరాల్లో, తీగలాంటి గాజుల్లో పక్కపక్కనే పరిచే గుండ్రని రవ్వ సుమారు 1.3 మిల్లీమీటర్ల వెడల్పుతో, ఒక సెంటు బరువుతో, అంటే 2 మిల్లీగ్రాములతో ఉంటుంది. అంతకంటే చిన్నవీ విస్తారంగా వాడుతున్నారు. పావే అని పిలిచే ఈ పొదుగులో ప్రతి రవ్వనూ పట్టి ఉంచేది లోహం నుంచే లేపి గుండ్రంగా నొక్కిన బిందువు. దాని పరిమాణం మిల్లీమీటరులో కొన్ని పదోవంతులు. ఒక్కొక్క బిందువు రెండు రవ్వలను పంచుకుని పట్టడం కూడా మామూలే కాబట్టి, ఒక బిందువు అరిగితే రెండు రాళ్ల పట్టు తగ్గుతుంది. కంటికి నిండుగా మెరిసే నగ నిజానికి ఇలాంటి బిందువుల బలం మీద నిలబడి ఉంటుందని కొనేవారికి చెప్పే వర్తకులు చాలా తక్కువ.

వజ్రం కాఠిన్యం గురించి మాత్రం అందరూ చెబుతారు. మోస్ కొలమానంలో వజ్రానిది 10వ స్థానం, సహజ ఖనిజాల్లో దానిని మించినది లేదు. అయితే గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. వజ్రపు స్ఫటికంలో నాలుగు దిశల్లో చీలిక తలాలు ఉంటాయి. కట్టె ఈనె వెంట చీలినట్టే, ఆ తలానికి అనుకూలమైన కోణంలో దెబ్బ తగిలితే వజ్రం చీలుతుంది, అంచు పెచ్చు లేస్తుంది. చతురస్రాకారపు రాయికి నాలుగు మూలలు, బొట్టు ఆకారపు రాయికి కొన, నడుము అంచు మరీ పలుచగా సానపట్టిన గుండ్రని రాయికి ఆ అంచు మొత్తం ఇలాంటి ప్రమాదానికి గురయ్యే చోట్లే. అందుకే మూలల మీద గోరు గాని రక్షణగా వంచిన రేకు గాని ఉండాలంటాం. ఏదీ లేకుండా మూలలు బయటికి కనిపించేలా పొదిగిన నగను అమ్ముతున్నప్పుడు, అందం కోసం ఏ భద్రతను వదులుకుంటున్నారో కొనేవారికి చెప్పడం వర్తకుడి బాధ్యత అని నా దృఢాభిప్రాయం.

ఇక లోహం అరిగే తీరు. బట్ట మీద, బల్ల అంచు మీద, సంచి పిడి మీద రోజూ కలిగే చిన్న చిన్న రాపిడి గోరు కొనను పలుచన చేస్తుంది. పక్క వేలికో అదే వేలికో మరొక రవ్వల ఉంగరం ఉంటే, దాని రాళ్ల అంచులు ఈ ఉంగరపు బంగారాన్ని ఆకురాయిలా కోస్తాయి. ఇలా కోసుకుపోయిన గోళ్లను నేను తరచుగా చూస్తుంటాను. ఉంగరపు చుట్టు అడుగున ఒకటిన్నర మిల్లీమీటర్ల కంటే పలుచగా ఉంటే, ఏదైనా గట్టిగా పట్టుకున్నప్పుడల్లా అది కొద్దిగా వంగుతుంది. వంగిన ప్రతిసారీ పైనున్న రవ్వల గూళ్లు విచ్చుకుంటాయి. ఏ దెబ్బా తగలకుండానే రాళ్లు కదలడానికి కారణం ఇదే. తెల్లబంగారంలో, ముఖ్యంగా నికెల్ కలిపిన మిశ్రమంలో, క్లోరిన్ మరొక శత్రువు. ఈత కొలను నీటిలోనూ, ఇల్లు శుభ్రపరిచే బ్లీచింగ్ ద్రావణంలోనూ ఉండే క్లోరిన్, పొదిగేటప్పుడు వంచిన గోళ్లలో మిగిలి ఉండే ఒత్తిడితో కలిసి, లోహానికి కంటికి ఆనని పగుళ్లు తెస్తుంది. అలా పగిలిన గోరు ఒకనాడు ఉన్నట్టుండి విరిగిపడుతుంది. 75 శాతం బంగారం ఉండే 18 క్యారెట్ల మిశ్రమాన్నైనా, ప్లాటినాన్నైనా వజ్రాల కోసం ఎంచుకునేది గట్టిగా పట్టుతుందనే. కాని ఏ లోహమూ అరగకుండా ఉండదు.

వర్తకులారా, ఈ విషయాలు మీకు కొత్త కావు. అయినా నగను పెట్టెలో పెట్టి ఇచ్చేటప్పుడు రాయి రంగు, స్వచ్ఛత, కోత, బరువు గురించి పావుగంట మాట్లాడతారు గాని, ఇది రోజూ ధరించదగిన నగా, సందర్భానికి మాత్రమే ధరించవలసినదా అన్న ఒక్క మాట చెప్పరు. ఆ ఒక్క మాట చెబితే అమ్మకం పోతుందని మీలో కొందరు భయపడుతున్నారేమో. చుట్టంతా రవ్వలు పొదిగిన ఉంగరాన్ని తర్వాత వేలి కొలతకు సరిచేయడం దాదాపు అసాధ్యమని తెలిసి కూడా ఆ సంగతి చెప్పకపోతే, రేపు ఆ కొనుగోలుదారు దాన్ని ఎవరి చేతనో సాగదీయించి రాళ్లన్నీ వదులు చేసుకుంటాడు. అప్పుడు పోయేది మీ మీద ఉన్న నమ్మకమే.

మరొక మాట కాస్త కటువుగానే చెప్పాలి. ఉచితంగా మెరుగు పెట్టిస్తాం, ఎప్పుడైనా తీసుకురండి అని మీరు ఇచ్చే హామీ నగకు అన్నివేళలా మేలు చేయదు. చక్రం మీద మెరుగు పెట్టడమంటే పై పొర లోహాన్ని తీసేయడమే. తెల్లబంగారానికి మళ్లీ రోడియం అనే తెల్లని లోహపు పూత వేసే ముందు ప్రతిసారీ ఇలా మెరుగు పెడతారు. ఏటేటా పూత వేయించుకునే నగకు ఏటేటా గోళ్లు పలుచనవుతాయి, అంచున పూసల వరుసలా తీర్చిన నగిషీ చెరిగిపోతుంది. కొత్తదానిలా మెరుస్తున్నదని సంతోషించే యజమానికి, ఆ మెరుపు కోసం ఎంత లోహం పోయిందో తెలియదు. కాబట్టి నగ మెరుగుకు వచ్చినప్పుడల్లా ముందుగా గోళ్లను పరీక్షించి, పలుచబడిన వాటికి లోహం చేర్చి కొనలు కట్టి, అవసరమైన మేరకే మెరుగు పెట్టాలి. ఎక్కడ ఏ పని చేశారో రాసి ఇవ్వాలి.

శుభ్రపరచడం విషయంలో వజ్రానికున్న ఒక గుణాన్ని అందరూ తెలుసుకోవాలి. అది నీటిని అంటనివ్వదు, జిడ్డును మాత్రం పట్టుకుంటుంది. గనుల్లో ముడి వజ్రాలను ఇతర రాళ్లనుంచి వేరు చేయడానికి గ్రీజు పూసిన బల్లల మీదుగా నీటితో పారించే పద్ధతి ఈ గుణం ఆధారంగానే పుట్టింది. చర్మపు జిడ్డు, క్రీములు, సబ్బు మడ్డి రాయి అడుగు ముఖాలకు పట్టగానే లోపలికి వెళ్లిన కాంతి పైకి తిరిగిరాకుండా అడుగునుంచి కారిపోయి, మంచి కోత ఉన్న రాయి కూడా మసకబారుతుంది. దీనికి ఖరీదైన చికిత్స ఏదీ అక్కరలేదు. గోరువెచ్చని నీటిలో గాఢత లేని గిన్నెల సబ్బు ద్రావణం కొద్దిగా కలిపి, నగను కాసేపు నానబెట్టి, మెత్తని కుంచెతో అడుగు వైపు నుంచి రుద్ది, మంచి నీటిలో కడిగి, పీచు రాని గుడ్డతో ఒత్తితే చాలు. ఇదంతా ఒక గిన్నెలోనే చేయాలి, తొట్టి కన్నం మీద ఎన్నడూ చేయకూడదు. టూత్‌పేస్టు, వంటసోడా లాంటివి వజ్రాన్ని ఏమీ చేయవు గాని బంగారాన్ని గీరుతాయి. ఒక నగ వజ్రం మరొక నగను గీరుతుంది కాబట్టి దేని సంచి దానికి ఉండాలి.

అల్ట్రాసోనిక్ యంత్రం సంగతి వేరు. నీటిలో సూక్ష్మమైన బుడగలు పుట్టించి మురికిని వదిలించే ఆ ప్రకంపన, అప్పటికే వదులైన రవ్వను పూర్తిగా ఊడదీస్తుంది. ప్రతి గోరునూ భూతద్దంతో చూడకుండా నగను అందులో వేయడం అన్యాయం. అంతకంటే ముఖ్యంగా, పగుళ్లలో గాజులాంటి పదార్థం నింపి కనబడకుండా చేసిన వజ్రాలకు ఈ యంత్రమూ, ఆవిరీ, మంటా మూడూ హానికరమే; నింపిన పదార్థం దెబ్బతిని పగుళ్లు మళ్లీ బయటపడవచ్చు. అలాంటి వజ్రాన్ని అమ్మినవారు బిల్లు మీద ఆ సంగతి రాయకపోతే, బాగుచేసే పనివాడు తెలియక చేసిన పనికి దోషి అవుతాడు, బీమా సంస్థ చెల్లించదు, యజమాని నష్టపోతాడు. ఒక్క వాక్యం దాచినందుకు ముగ్గురు మూల్యం చెల్లిస్తారు.

మంట గురించి ప్రస్తావించాను కాబట్టి మరమ్మతుల్లోని ప్రమాదం కూడా చెప్పాలి. 1772లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోజియే పెద్ద కటకంతో సూర్యకాంతిని కేంద్రీకరించి వజ్రాన్ని కాల్చి చూపాడు. వజ్రం కార్బనే కాబట్టి, గాలి సోకే చోట తగినంత వేడెక్కితే దాని ఉపరితలం కాలి తెల్లగా మసకబారుతుంది. గోళ్లకు టంకం పెట్టేటప్పుడు మేం రాయికి బోరిక్ యాసిడ్ పూత పూసేది అందుకే. ఈ జాగ్రత్త లోపిస్తే నష్టపోయేది మళ్లీ యజమానే, ఎందుకంటే శుభ్రపరిచేటప్పుడు, బాగుచేసేటప్పుడు, మార్పులు చేసేటప్పుడు కలిగే నష్టాన్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి. అప్పుడు మిగిలే దిక్కు ఆ పని చేసే దుకాణానికున్న బీమా ఒక్కటే. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో లండన్‌లోని లాయిడ్స్ బీమా సంతలో కథ్‌బర్ట్ హీత్ అనే బీమా వ్యాపారి దారి వేసిన జ్యువెలర్స్ బ్లాక్ పాలసీలు, వర్తకుడి సొంత సరుకుతోపాటు అతని చేతికి అప్పగించిన ఇతరుల నగలకు కూడా రక్షణ కల్పించగలవు. మీ దుకాణంలో అలాంటి పాలసీ ఉందా, మరమ్మతుకు వదిలిన నగకు అది వర్తిస్తుందా, ఎంత విలువ వరకు వర్తిస్తుంది అన్న మూడు సంగతులూ మీరు ఇచ్చే రశీదు మీద ముద్రించి ఉండాలి. రశీదులో రెండు చెవి దుద్దులు అని మాత్రమే రాసి నగ తీసుకునే అలవాటు ఇకనైనా మానాలి.

చాలామంది కొనుగోలుదారులు వారంటీని బీమా అని పొరబడుతున్నారు. ఆ పొరపాటును సరిదిద్దడానికి ఎవరూ పెద్దగా ప్రయత్నించడం లేదు. దుకాణం ఇచ్చే జీవితకాలపు వారంటీ సాధారణంగా తయారీ లోపాలకు, గూటిలోనుంచి రాలిన రాళ్లకు పరిమితం. దొంగతనానికీ, నగ మొత్తం పోవడానికీ వర్తించదు. పైగా ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించుకుని ముద్ర వేయించుకోవాలనే షరతు ఉన్నచోట, ఒక్క గడువు తప్పినా హామీ అంతా రద్దవుతుంది. పరీక్ష అవసరమే, దానిని నేను తప్పుపట్టడం లేదు. రోజూ ధరించే ఉంగరానికి ఆరు నెలలకొకసారి అనేది సబబైన గడువే. కాని గడువు దగ్గరపడినప్పుడు గుర్తుచేసే బాధ్యత మీది కావాలి. ఒకసారి తప్పినంత మాత్రాన మొత్తం హామీని రద్దు చేయకుండా, ఆలస్యంగా వచ్చినా పరీక్షించి అప్పటినుంచి కొనసాగించాలి.

ఇప్పుడు బీమా సంస్థల బాధ్యులకు. ప్రతిపాదన పత్రంలో మీరు నగ విలువ అడుగుతారు, ఇంటి తాళాల గురించి, ఇనప్పెట్టె గురించి, గత క్లెయిమ్‌ల గురించి అడుగుతారు. గోళ్ల స్థితి గురించి అడగరు, పరీక్షించి రమ్మని కోరరు, ప్రీమియం తీసుకుంటారు. నష్టం జరిగాక మాత్రం దాన్ని అంచనా వేయడానికి వచ్చే మీ సర్వేయర్ మొదట చూసేది గోళ్లనే. మీరు అడగని విషయం మీద, మీరు పరీక్షించని లోపం మీద ఆధారపడి క్లెయిమ్‌ను తిరస్కరించడం బీమా మూలసూత్రానికి అనుగుణంగా ఉందా? 1766లో ఇంగ్లండులో జరిగిన కార్టర్, బోమ్ వ్యాజ్యంలో న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ప్రభువు అత్యంత సద్భావన సూత్రాన్ని వివరించినప్పుడు, తెలిసిన సంగతిని దాచకూడదనే నియమం బీమా తీసుకునేవారికే కాదు, ఇచ్చేవారికి కూడా వర్తిస్తుందని స్పష్టంగా చెప్పాడు. అరుగుదల పేరిట మీరు ఎన్ని రకాల నష్టాలను తోసిపుచ్చుతారో పాలసీ అమ్మేటప్పుడే తెలిసినవారు మీరు కాబట్టి, ఆ సంగతి అందరికీ అర్థమయ్యే మాటల్లో ముందే చెప్పే కర్తవ్యం కూడా మీదే.

మినహాయింపు ఉండకూడదని నేను అనడం లేదు. అరుగుదల నిశ్చయంగా జరిగేది, బీమా అనిశ్చితమైనదానికి. గోళ్లకు కొనలు కట్టే ఖర్చు యజమానే భరించాలి. కాని అరిగిన గోరు వేరు, ఆ కారణంగా పోయిన రాయి వేరు. గోరు ఖర్చు మినహాయించి, ఆకస్మికంగా పోయిన రాయికి చెల్లించే పాలసీలు రాయడం అసాధ్యమేమీ కాదు. అలాగే, నష్టం పాలసీ పరిధిలో ఉందని చూపవలసినది బీమా తీసుకున్నవారు అయితే, అది మినహాయింపు కిందికి వస్తుందని చూపవలసినది సాధారణంగా బీమా సంస్థే. గోళ్లు అరిగి ఉన్నాయి అని ఒక్క వాక్యం రాస్తే ఆ భారం తీరదు. ఏ గోరు, ఎంత మేరకు అరిగింది, రాయి ఊడింది అటునుంచేనా, తాజా విరుపు గాని వంపు గాని ఉన్నదా అన్నది సూక్ష్మదర్శిని కింద తీసిన చిత్రాలతో చూపాలి. తాజాగా విరిగిన లోహపు ముఖానికీ, నెలల తరబడి నునుపుగా అరిగిన ముఖానికీ తేడా పనితెలిసినవాడికి ఇట్టే కనిపిస్తుంది. మీ సర్వేయర్లలో పొదుగు పని తెలిసినవారు ఉండాలని కోరడం అత్యాశ కాదనుకుంటాను.

క్లెయిమ్ పత్రంలో నష్టం జరిగిన తేదీ, సమయం, స్థలం చెప్పమని అడిగే గడి గురించి కూడా ఆలోచించండి. 2 మిల్లీగ్రాముల రవ్వ ఎప్పుడు రాలిందో ఏ మనిషీ చెప్పలేడు. గూడు ఖాళీగా ఉండటం ఒకనాడు కంట పడుతుంది, అంతే. ఆ విషయం నిజాయతీగా ఎప్పుడు పోయిందో తెలియదు అని రాసినవారి క్లెయిమ్‌ను కారణం తెలియని అదృశ్యం అన్న మినహాయింపు కింద తోసేస్తున్నారు. ఊహించి ఒక తేదీ రాసినవారి క్లెయిమ్ ముందుకు సాగుతున్నది. నిజం చెప్పినవారికి శిక్ష పడేలా ఉన్న నిబంధన బీమా వృత్తికి గౌరవం కాదు. నష్టం గమనించిన తేదీనే నష్టం తేదీగా స్వీకరించి, అంతకుముందు చివరిసారి పరీక్ష జరిగిన తేదీని దాని పక్కన నమోదు చేస్తే ఈ చిక్కు తీరిపోతుంది.

విలువ కట్టే నిపుణులకు ఇప్పుడు కొంత వివరంగా రాయాలి. ప్రయోగశాల సర్టిఫికెట్ విలువ పత్రం కాదు. 1931లో స్థాపితమైన జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా గాని, అలాంటి ఇతర ప్రయోగశాలలు గాని రాయి లక్షణాలను వర్ణిస్తాయే తప్ప ధర చెప్పవు. ఆ వర్ణన కూడా విడి రాయిని చూసి ఇచ్చినది. పొదిగిన తర్వాత రంగునూ స్వచ్ఛతనూ లోహం కొంత కప్పివేస్తుంది కాబట్టి, మీరు నగలోనే చూసి రాసే గ్రేడు ఒక అంచనా మాత్రమే. ఆ మాట మీ పత్రంలో స్పష్టంగా ఉండాలి. కొనుగోలుదారు సంతోషించేలా, కొన్న ధర కంటే ఎంతో ఎక్కువ విలువ వేసి ఇచ్చే పత్రాలు చాలా చూశాను. దానివల్ల లాభం ఎవరికో ఆలోచించండి. ప్రీమియం ఆ పెద్ద అంకె మీద కడతారు; నష్టం జరిగినప్పుడు బీమా సంస్థ అదే రకం నగను తనకు తగ్గింపు ఇచ్చే దుకాణంలో ఎంతకు వస్తుందో అంతకే తెప్పించి ఇస్తుంది, లేదా అంతే చెల్లిస్తుంది. ముందుగా ఇరుపక్షాలూ ఒప్పుకున్న విలువను చెల్లించే పాలసీ అయితే తప్ప, పెద్ద అంకె యజమానికి ఏ మేలూ చేయదు. మీ రుసుమును నగ విలువలో శాతంగా తీసుకునే పద్ధతిని ఈ కారణంగానే వదిలిపెట్టాలి.

తక్కువ విలువ కూడా అంతే ప్రమాదకరం. బంగారం ధర పెరిగినా పాత పత్రాన్నే ఏళ్ల తరబడి కొనసాగించినవారు, తక్కువ విలువకు బీమా చేస్తే చెల్లింపును అదే నిష్పత్తిలో తగ్గించే సగటు నిబంధన ఉన్న పాలసీలో తమకు తెలియకుండానే నష్టంలో వాటాదారులవుతారు. నగ నిజమైన విలువ 100 పాళ్లు అనుకుని, బీమా 60 పాళ్లకే ఉంటే, 30 పాళ్ల నష్టానికి చెల్లింపు 18 పాళ్లే. ఈ లెక్కను పాలసీ మొదటి పుటలో ఉదాహరణగా ముద్రించమని కోరుతున్నాను, ఎందుకంటే ఇది తెలిసి బీమా తీసుకున్నవారు నాకు అరుదుగా కనిపించారు. రెండు మూడేళ్లకొకసారి విలువను తిరిగి చూడటం అవసరం. ప్రయోగశాలలో పెంచిన వజ్రాల ధరలు ఇటీవలి సంవత్సరాల్లో బాగా పడిపోయాయి కాబట్టి, ఆ నగలకు పాత విలువ మీద ప్రీమియం కట్టించుకుంటూ ఉండటం న్యాయం కాదు. సహజ వజ్రమా, ప్రయోగశాలలో పెంచినదా అన్నది కంటితో గాని, వేడి ప్రసరణను చూసే చిన్న పరికరంతో గాని తేలదు. వర్ణపటాన్ని చదివే పరికరాలు కావాలి. కనుక పత్రంలో ఆ సంగతి పరీక్షించి రాయాలి, నష్టపోయిన రాయికి బదులు ఏ రకపు రాయి ఇస్తారో పాలసీలో రాయాలి.

అంచు పెచ్చు లేచిన రాయి విషయంలో జరిగే అన్యాయం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 1.01 క్యారెట్ల రాయి అంచు విరిగితే, దాన్ని తిరిగి సానపట్టి మళ్లీ అందంగా చేయవచ్చు. అప్పుడు అది 0.97 క్యారెట్లు అవుతుందనుకుందాం. పోయింది 8 మిల్లీగ్రాములే. కాని వజ్రాల ధర బరువుతోపాటు సమానంగా పెరగదు, ఒక క్యారెట్ లాంటి మెట్ల దగ్గర ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ మెట్టు దిగిన రాయి క్యారెట్‌కు పలికే ధరే తగ్గిపోతుంది. బీమా సంస్థ సానపట్టిన ఖర్చు చెల్లించి, నగ బాగైంది కదా అంటుంది. బరువు తగ్గడం వల్ల పోయిన విలువ సంగతి లెక్కలోకి రాదు. ఆ విలువ తగ్గుదలను చెల్లింపులో కలపాలని, సానపట్టిన తర్వాత కొత్త సర్టిఫికెట్ ఖర్చు కూడా అందులో భాగం కావాలని కోరుతున్నాను. జత దుద్దుల్లో ఒకటి పోయినప్పుడు కూడా ఇదే సూత్రం. రెండోదానికి సరిజోడు దొరకకపోతే నష్టం సగం కాదు, జత మొత్తం విలువకు సంబంధించినది. జతలో ఒకటి పోతే ఎంత చెల్లించాలో చెప్పే జత నిబంధన మీ పాలసీలో ఏ పక్షాన ఉందో ముందే చెప్పండి.

నేను అడుగుతున్న ప్రధాన మార్పు ఒకటే. నగతోపాటు జీవితాంతం నడిచే ఒక స్థితి నమోదు పుస్తకం ఉండాలి; కాగితం మీదైనా సరే, మీ ముగ్గురూ చూడగలిగేలా కంప్యూటర్‌లోనైనా సరే. అమ్మిన రోజున వర్తకుడు అందులో చుట్టు మందం, గోళ్ల సంఖ్య, వాటి మందం, ప్రతి పెద్ద రాయి కొలతలు, నడుము అంచు మీద లేజర్‌తో చెక్కిన సంఖ్య ఉంటే ఆ సంఖ్య, పది రెట్లు పెద్దవిగా చూపే చిత్రాలతో నమోదు చేయాలి. తర్వాత ఎవరు పరీక్షించినా, ఎవరు మరమ్మతు చేసినా, తేదీతో సంతకంతో అందులోనే రాయాలి. పాలసీ ఇచ్చేటప్పుడు బీమా సంస్థ ఆ పుస్తకాన్ని చూసి, ఏదైనా గోరు బలహీనంగా ఉంటే బాగుచేయించిన తర్వాతే అమలులోకి వస్తుందని చెప్పాలి. అలా చూసి అంగీకరించిన నగ విషయంలో, నిర్ణీత గడువులో పరీక్షలు చేయించుకుంటూ వచ్చిన యజమాని మీద అరుగుదల మినహాయింపును ప్రయోగించకూడదు.

దీనివల్ల మోసాలు పెరుగుతాయని మీలో కొందరు అనవచ్చు. నా అనుభవం దానికి విరుద్ధంగా ఉంది. పాత నష్టాన్ని కొత్తదిగా చూపడం, ఒక రాయి తీసి మరొకటి పెట్టించి పోయిందని చెప్పడం, ఏ నమోదూ లేనిచోటే సులభం. చిత్రాలు, కొలతలు, తేదీలు ఉన్నచోట అబద్ధం నిలవదు. మరమ్మతుకు ఇచ్చిన నగలో రాయి మార్చారేమో అని మా వంటి పనివాళ్ల మీద కలిగే అనుమానం కూడా దానితో తీరుతుంది. నిజాయతీగా పనిచేసేవారికి అది ఎంత పెద్ద ఊరటో చెప్పలేను. ఖర్చు మాటకు వస్తే, భూతద్దం కింద ఒక ఉంగరాన్ని చూసి చిత్రం తీయడానికి పట్టే సమయం, మీరు అమ్మకం వేళ మాటల్లో గడిపే సమయం కంటే తక్కువ. గోరు కొన కట్టే ఖర్చు, పోయిన రాయికి చెల్లించే సొమ్ములో ఏ మూలకూ రాదు. కాబట్టి పరీక్షకు ప్రీమియంలో కొంత తగ్గింపు ఇచ్చినా బీమా సంస్థలకు లాభమే తప్ప నష్టం లేదని నా నమ్మకం.

వర్తక సంఘాలు ఈ నమోదు పుస్తకానికి ఒక ఉమ్మడి నమూనా తయారుచేయాలని, అందులో పొదుగు పనివారి మాట కూడా వినాలని, బీమా సంస్థలు తమ తర్వాతి పాలసీ పత్రాల్లో అరుగుదల అన్న మాటకు నిర్వచనం ఇచ్చి, నష్టం తేదీ గడిని మార్చాలని, విలువ కట్టే నిపుణులు తమ పత్రంలో పొదుగు స్థితికి ఒక ప్రత్యేక భాగం కేటాయించాలని విన్నవిస్తున్నాను. మీరు ఏ అంశాన్ని అంగీకరిస్తారో, దేనిని అంగీకరించరో, ఎందుకు అంగీకరించరో బహిరంగంగా రాసి తెలియజేయండి. నమూనా తయారీకి గోళ్ల కొలతలు, పరీక్షా విధానం, చిత్రాలు తీయవలసిన కోణాలు రాసి ఇవ్వడానికి నేనూ, నాతోపాటు ఈ పని చేసే మరికొందరూ ప్రతిఫలం ఆశించకుండా సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
రాళ్లు పొదిగే ఒక స్వర్ణకారుడు